జగజ్జేతా? జగజేతా?

పాతపలక: ఆటల పోటీల రోజున మా తెలుగు మాస్టారు నల్లబల్ల మీద 1930 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గురించి ఒక తేటగీతి రాశారు. మూడు పాదాలు ఎగిరిపోయాయి. చివరిది మాత్రం రెండు రోజులుగా నోట్లో నానుతోంది: "ఒరుల గెల్చి జగజేత యురుగువాయి". ఉరుగువాయి అంటే ఉరుగ్వేనే. ఎక్కడో నడక తడబడుతోంది. ఎవరికైనా తట్టిందా?

యతిమైత్రి: తడబడదా మరి! "గజేత" జగణమైపోయింది, తేటగీతిలో అక్కడ ఇంద్రగణం పడాలి. జ కింద జావత్తు పెట్టి చూడండి. "గెల్చి జ" భగణం, "గజ్జేత" తగణం, రెండూ ఇంద్రగణాలే. ఒ-ఉ యతి ఎలాగూ కుదిరింది. మాస్టారు రాసింది జగజ్జేతే.

కొసరు: అంత తొందర వద్దండీ. "గెల్చిన జగజేత" అనుకోండి. భగణం, సలం. ఇవీ ఇంద్రగణాలే, ఇదీ నడుస్తుంది. జారిపోయింది ఒత్తు కాదు, "న".

యతిమైత్రి: నడుస్తుంది, కుంటుతూ. జగము మనది, జేత సంస్కృతం. అది వైరి సమాసం. తెలుగు మాస్టారు ఆ పెళ్లి చేయించరు.

కాలిబంతి: సమాసం సరే, అసలు జగత్తు ఎక్కడుంది? ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో ఆడినవి 13 జట్లు. అర్హత పోటీలు లేవు, పిలిస్తే వచ్చినవే. ప్రయాణం, బస ఖర్చులు మావే అని ఉరుగ్వే అన్నా ఐరోపా నుంచి ఓడెక్కినవి నాలుగు: ఫ్రాన్స్, బెల్జియం, రొమేనియా, యుగోస్లావియా. చివరికి 4-2తో ఓడింది లా ప్లాటా నదికి అవతలి ఒడ్డున ఉన్న అర్జెంటీనా. పొరుగుజేత అంటే సరిపోయేది.

కొసరు: జగత్తు అంటే వ్యుత్పత్తి ప్రకారం కదిలేది. దాదాపు రెండు వారాలు సముద్రం మీద కదిలి వచ్చినవాళ్లదే జగత్తు. ఇంట్లో కూర్చున్న ఇంగ్లండుకు అందులో చోటెక్కడిది?

పాతపలక: 1924, 1928 ఒలింపిక్స్‌లో గెలిచిందీ ఉరుగ్వేయే కదండీ. ఆ లెక్కన జగజ్జేత అనవచ్చు. నా ప్రశ్న ఒత్తు గురించి.

కాలిబంతి: ఫైనల్‌లో ఎవరి బంతితో ఆడాలన్న పేచీ వచ్చింది. మొదటి సగం అర్జెంటీనా బంతి, రెండో సగం ఉరుగ్వే బంతి. విరామానికి 2-1తో ముందున్నది అర్జెంటీనా! మీ పద్యాన్నీ అలాగే ఒకసారి ఒత్తుతో, ఒకసారి "న"తో చదవండి.

యతిమైత్రి: బంతి అన్నారు కనుక, అదే జగత్‌కు మరో సంధి జగన్మోహిని. పోతన భాగవతం అష్టమ స్కంధంలో శివుడి కంటబడినప్పుడు ఆమె ఆడుతున్నది కందుకమే. ఆ ఘట్టం మొదలుపెడితే నాకు పుస్తకం మూయబుద్ధి కాదు.

కొసరు: చేత్తో కొట్టింది. రిఫరీ ఉంటే ఈల ఊదేవాడు.

యతిమైత్రి: చూస్తున్నవాడే మైమరచి వెంటపడ్డాడు, ఇక ఈల ఎవరు ఊదుతారు?

పాతపలక: అయ్యా, నా ఒత్తు?

యతిమైత్రి: ముందు ఆ మూడు పాదాలు పట్టుకు రండి.