ఈసీఈ మూడో ఏడు: ఐటీకి వెళ్లాలా, బ్యాంకు పరీక్షలకు కూర్చోవాలా?

(ఒక ప్రశ్న, దానికి వచ్చిన జవాబులు. ప్రతి మాటకూ పైన ఉన్నది రాసినవాళ్లు పెట్టుకున్న మారుపేరు.)

చంపావతి

అన్నలకీ అక్కలకీ నమస్తే. విజయనగరం దగ్గర ప్రైవేటు కాలేజీలో బీటెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) మూడో సంవత్సరం చదువుతున్నాను. సీజీపీఏ 6.8, ఒక బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉంది. పదిలోనూ ఇంటర్‌లోనూ 75 శాతం పైనే. ఐటీలో మనుషుల్ని తీసేస్తున్నారని, ఏఐ వచ్చాక కొత్తవాళ్లతో పనేముందని, బ్యాంకుకో గ్రూప్సుకో చదువుకోమని ఇంట్లో అంటున్నారు. నాకేమో కోడింగ్ మీద ఇష్టం ఉంది, కానీ వచ్చింది సీ లాంగ్వేజీ ఒక్కటే, అదీ అంతంతమాత్రం.

ఇప్పుడు ఐటీ కోసం కష్టపడటం దండగా? కాకపోతే చేతిలో ఉన్న ఈ ఏడాదిలో ఏటి నేర్చుకోవాలి? ఇంకోటి, డబ్బు కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి జాబ్ ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలను నమ్మొచ్చా?

మూడు లాంతర్లు

తమ్ముడూ, దండగ కాదు. అయితే ముందు లెక్క తెలుసుకో. ప్యాకేజీ అంకె చూసి మురిసిపోతే మొదటి నెల జీతం పడ్డ రోజునే నీరసం వస్తుంది.

పెద్ద సర్వీస్ కంపెనీలు (వేరే కంపెనీలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేవి) కొత్తవాళ్లకు మామూలుగా ఇచ్చే ప్యాకేజీ ఏడాదికి మూడున్నర లక్షలకు అటూ ఇటూ. 3.36 లక్షలే అనుకో, నెలకు 28,000. బేసిక్ 15,000 అయితే కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద 721 ఈ 28,000 లోంచే పోతాయి. నీ వాటా పీఎఫ్ ఇంకో 1,800, వృత్తి పన్ను 200. మిగిలింది 23,479. ఇన్సూరెన్సు, వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే భాగం) కూడా ప్యాకేజీలోనే కలిపేస్తే 22 వేలకో ఇంకా కిందికో దిగుతుంది. హైదరాబాదులో ముగ్గురుండే హాస్టల్ గదికి భోజనంతో కలిపి ఏడెనిమిది వేలు తీసెయ్యి. మొదటి రెండేళ్లు ఇంటికి పెద్దగా పంపలేవు. ఈ సంగతి ఇంట్లో ఇప్పుడే చెప్పు. ఆ రెండేళ్లలో పని నేర్చుకుని కంపెనీ మారినప్పుడే జీతం నిజంగా పెరుగుతుంది. ఒకే కుర్చీలో కూర్చుంటే ఏటా పెరిగేది పది శాతం లోపే.

ఉద్యోగాలు తీసేస్తున్న మాట నిజం. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే 12 వేల మంది దాకా తగ్గిస్తామని చెప్పింది. అందులో ఎక్కువ భాగం మధ్యస్థాయి, పైస్థాయి వాళ్లేనని కూడా చెప్పింది. అదే ఏడాది ప్రాజెక్టు లేకుండా బెంచీ మీద ఉండే రోజులను ఏడాదికి 35కి కుదించింది. కొత్తవాడికి దీని అర్థం ఒకటే. చేరాక ఆరు నెలలు కూర్చోబెట్టి నేర్పుతారులే అనుకునే కాలం పోయింది. చేరేనాటికే పని వచ్చి ఉండాలి.

ఇక ఇంటివాళ్ల మాట. ఐబీపీఎస్ పీఓ (ప్రభుత్వ బ్యాంకుల్లో ఆఫీసరు ఉద్యోగాల పరీక్ష)కి వయసు 20 నుంచి 30, ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. ఆ తలుపు ఇంకా చాలాకాలం తెరిచే ఉంటుంది. ఫ్రెషర్ (అనుభవం లేని కొత్తవాడు) తలుపు మాత్రం పాసైన ఏడాది, మహా అయితే ఆ పై ఏడాది. మూడేళ్లు బ్యాంకు కోచింగులో గడిపి ఐటీ వైపు వస్తే ఆ ఖాళీ గురించే మొదట అడుగుతారు. ఐటీలో చేరి రెండేళ్ల తర్వాత బ్యాంకు పరీక్ష రాస్తే ఎవరూ ఏమీ అడగరు. అందుకని ముందు ఐటీ, తర్వాతే బ్యాంకు. ఈ వరస మార్చకు.

బ్యాక్‌లాగ్ ఈ సప్లీ (సప్లిమెంటరీ పరీక్ష)లోనే తీసెయ్. సీజీపీఏని శాతంలోకి మార్చే సూత్రం మీ యూనివర్సిటీ రెగ్యులేషన్ (నియమాలు)లో చూడు. కొన్నిట్లో 0.75 తీసేసి పదితో హెచ్చించాలి. అలా అయితే నీ 6.8 అంటే 60.5 శాతం. చాలా డ్రైవ్‌లకు (కంపెనీలు పెట్టే ఎంపికలకు) గీత 60 దగ్గర ఉంటుంది. ఒక్క సెమిస్టర్ జారినా గీత కింద పడతావు, ఆ తర్వాత కోడింగ్ ఎంత వచ్చినా పరీక్ష హాలు దాకా వెళ్లలేవు.

బొబ్బిలి వీణ

ఏం నేర్చుకోవాలో నేను చెప్తాను. జావా, పైథాన్, క్లౌడ్, డేటా సైన్స్ అని నాలుగు కోర్సులు ఒకేసారి మొదలుపెట్టకు. సీ కొంచెం వచ్చు కాబట్టి జావా పట్టుకో. రోజుకు రెండు గంటలు, ఆదివారం నాలుగు. మొదటి మూడు నెలలు అర్రేలు, స్ట్రింగులు, హ్యాష్‌మ్యాప్, రికర్షన్, లింక్డ్ లిస్టు. వీటి మీద 150 లెక్కలు, అంటే ప్రోగ్రాం రాసే ప్రశ్నలు, సొంతంగా చెయ్యాలి. అరగంట బుర్ర పెట్టి ఆలోచించకుండా జవాబు చూడకు. ఏఐని అడిగి రాయించుకున్న లెక్క లెక్కలోకి రాదమ్మా. ఇంటర్వ్యూలో తెల్ల కాగితం ఇచ్చి, "ఈ లూప్ ఒకసారి ఎక్కువ తిరుగుతోంది, ఎందుకు?" అంటారు. అక్కడ చెయ్యి ఆగిపోతుంది.

నాలుగో నెల నుంచి ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌లోని టేబుళ్లను ప్రశ్నలడిగే భాష. మనవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, సగం ఇంటర్వ్యూలు ఇక్కడే పోతాయి. ప్రాజెక్టుకు అందరూ పెట్టే లైబ్రరీ మేనేజ్‌మెంట్ వద్దు. పలాస జీడిపప్పు వ్యాపారి సరుకు లెక్క తీసుకో. గ్రేడులు (డబ్ల్యూ 240, డబ్ల్యూ 320, బద్ద, ముక్క) ఒక టేబుల్, అమ్మకాలు ఇంకో టేబుల్. "ఈ నెల ఏ గ్రేడు ఎంత అమ్ముడైంది, అమ్మనిది సున్నాగా చూపించు" అనేది ప్రశ్న. గ్రేడుల టేబుల్‌కు అమ్మకాలను లెఫ్ట్ జాయిన్ చేసి (అమ్మకం లేని గ్రేడు కూడా ఉండేలా కలిపి), తేదీ షరతు వేర్‌లో, అంటే కలిపాక వడగట్టే చోట, చాలామంది పెడతారు. అమ్ముడవని గ్రేడుకు తేదీ నల్‌గా (ఖాళీగా) వస్తుంది, నల్ ఏ తేదీ పోలికకూ నిలబడదు. దాంతో ఆ వరసలన్నీ ఎగిరిపోయి లెఫ్ట్ జాయిన్ కాస్తా ఇన్నర్ జాయిన్ (రెండు టేబుళ్లలోనూ ఉన్నవే మిగిలేది) అయిపోతుంది. తేదీ షరతు ఆన్‌లో, అంటే టేబుళ్లను కలిపే చోటే, ఉండాలి. అప్పుడైనా సమ్ (మొత్తం) నల్‌గానే వస్తుంది, దాన్ని కోయలెస్ అనే ఫంక్షన్‌తో సున్నా చెయ్యాలి. ఎన్ని అమ్మకాలో లెక్కపెట్టాలంటే కౌంట్‌లో స్టార్ వాడకు, అమ్మకం లేని గ్రేడుకు కూడా 1 చూపిస్తుంది. అమ్మకం ఐడీని లెక్కపెడితే సున్నా వస్తుంది. ఈ ఒక్క ప్రశ్నను పది మంది ముందు తడబడకుండా చెప్పగలిగితే ఎస్‌క్యూఎల్ వచ్చినట్టే.

ధరలను ఫ్లోట్ రకంలో దాయకు, డెసిమల్ రకంలో పెట్టు. ఫ్లోట్‌లో పైసలు తేడా వస్తాయి, ఎందుకు వస్తాయో కూడా తెలుసుకో. ఆరో నెలకల్లా ఈ ప్రాజెక్టుకు స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్)తో ఏపీఐ (వేరే ప్రోగ్రాంలు దీన్ని అడిగే దారి) రాసి గిట్‌హబ్‌లో (కోడ్ దాచే వెబ్‌సైట్‌లో) పెట్టు. చివరి రోజు ఒకే కమిట్ (ఒకసారి దాచిన మార్పు) కింద మొత్తం పెడితే కాపీ అని పట్టేస్తారు. రోజూ కొంచెం కొంచెం పెడుతూ రా. పాస్‌వర్డులు అందులో పెట్టకు, ఒకసారి ఎక్కితే తర్వాత చెరిపినా హిస్టరీలో ఉండిపోతాయి.

ల్యాప్‌టాప్‌కు 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. పాత బిజినెస్ మోడల్ థింక్‌ప్యాడో ల్యాటిట్యూడో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కో, అప్పు చెయ్యకు. ఆన్‌లైన్ పరీక్ష ఉన్న రోజు ఊళ్లో ఉండకు. కరెంటు పోయి కెమెరా ఆగితే పరీక్ష అక్కడితో సరి. టౌన్లో ఫైబర్ నెట్ ఉన్న స్నేహితుడింట్లో, పక్కన ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకుని రాయి.

ఏడు రోడ్ల కూడలి

కన్సల్టెన్సీల సంగతి నేను చెప్తాను బావూ, ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. దొంగ ఎక్స్‌పీరియన్స్ జోలికి వెళ్లకు.

ఇలాంటివి ఒకప్పుడు ఫోన్ కాల్‌తో నడిచిపోయేవి, కంపెనీకి ఫోన్ చేస్తే ఎవడో ఒకడు "అవును, మా దగ్గర చేశాడు" అనేవాడు. ఇప్పుడు నీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్ అడుగుతారు. ఏ కంపెనీలో ఏ తేదీన చేరావు, ఎప్పుడు మానేశావు, ఏ నెల ఎంత పీఎఫ్ పడింది, అన్నీ అందులో ఉంటాయి. రెండేళ్ల అనుభవం అని రాసి పీఎఫ్ ఒక్క నెల కూడా లేకపోతే అక్కడే దొరికిపోతావు. కొందరు పీఎఫ్ కూడా కట్టి చూపిస్తామంటారు. అప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటులో జీతం పడిందా, ఫారం 26ఏఎస్‌లో (ఆదాయపన్ను కోత వివరాల పత్రంలో) ఆ కంపెనీ పేరుతో ఏమైనా ఉందా, ఆ నెలల్లో నువ్వు కాలేజీలో పరీక్షలు రాస్తున్నావా అని కలిపి చూస్తారు. ఈ తనిఖీ చాలాసార్లు చేరిన రెండు మూడు నెలలకు పూర్తవుతుంది. అప్పుడు తీసేస్తే కట్టిన డబ్బూ పోతుంది, రిలీవింగ్ లెటరూ (పని వదిలినట్టు ఇచ్చే పత్రం) రాదు. ఫ్రెషర్‌గా నీకున్న ఒక్క ఏడాదీ కరిగిపోతుంది. అది తిరిగి రాదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా పెట్టకు. ఖాళీ చెక్కు మీద సంతకం చెయ్యకు. ఆఫర్ లెటర్ జీమెయిల్ నుంచి వస్తే పక్కన పడెయ్.

ఇంకో మాట. ఐటీ అంటే కోడింగ్ ఒక్కటే అనుకోకు, నీది ఈసీఈ కదా. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఏఐ హబ్ పెడతామని, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తామని ప్రకటించింది. డేటా సెంటర్‌లో కోడ్ రాసేవాళ్ల కంటే నెట్‌వర్క్, లైనక్స్, కరెంటు, కూలింగ్ చూసేవాళ్లే ఎక్కువ కావాలి. కడితే వేలల్లో ఉద్యోగాలు వచ్చి పడతాయని నేననను, భవనాలు లేచాక అలాంటి చోట్ల రోజువారీ పనికి కావలసిన మనుషులు తక్కువే. కానీ సబ్‌నెట్ లెక్కలు (నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా పంచడం), డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేరును అడ్రసు నంబరుగా మార్చేది), లైనక్స్ కమాండ్లు వచ్చిన ఈసీఈ కుర్రాడికి అరవై కిలోమీటర్ల దూరంలో, విశాఖలో, ఒక దారి ఉంటుంది. వీణగారు చెప్పిన కోడింగ్ వదలకుండా వారానికి మూడు గంటలు దీనికి ఇవ్వు.

చంపావతి

చాలా థాంక్స్ అక్కా, అన్నా. సప్లీ ఫీజు ఈ వారమే కడతాను. ఒక్క డౌటు. అమీర్‌పేటలో "జావా ఫుల్ స్టాక్, 25 వేలు, జాబ్ గ్యారంటీ" అని కోచింగ్ సెంటర్లవాళ్లు అంటున్నారు. అది కూడా కన్సల్టెన్సీ లాంటిదేనా?

బొబ్బిలి వీణ

అన్నీ కాదు, మంచిగా చెప్పేవాళ్లు ఉన్నారు. కానీ గ్యారంటీ అన్న మాటకు డబ్బు ఇవ్వకు, పాఠానికి ఇవ్వు. డబ్బు కట్టకముందే మూడు రోజులు క్లాసులో కూర్చోనిమ్మని అడుగు. ఒప్పుకోకపోతే వద్దు. కూర్చున్నాక చూడు, సార్ అక్కడికక్కడే ప్రోగ్రాం రాసి, తప్పొస్తే మన ముందే సరిదిద్దుతున్నారా, లేక రాసి ఉంచింది చూపించి చదివేస్తున్నారా? రెండోదైతే అదే పాఠం యూట్యూబ్‌లో ఉచితంగా ఉంది. ఫీజు మూడు వాయిదాల్లో కడతానను, రసీదు తీసుకో. అసలు వేసవి సెలవుల దాకా ఆగు. అప్పటికి 150 లెక్కలూ అయిపోతే ఆ 25 వేలతో పనే ఉండకపోవచ్చు.