నింఫ్ ఫిషింగ్‌కి ఏ రాడ్ కొనాలి? (తిరుపతి నుంచి తీర్థన్‌కి)

చంద్రగిరి_గాలం:
ఏప్రిల్‌లో నలుగురం హిమాచల్ వెళ్తున్నాం, ట్రౌట్ అనే చల్లనీళ్ల చేప కోసం. సంపర్క్ క్రాంతిలో ఢిల్లీ, అక్కణ్నించి మనాలి బస్సెక్కి ఔట్‌లో దిగి తీర్థన్ లోయకి. ఇన్నాళ్లూ నాకు తెలిసింది చెరువు గట్టు, బెండు, ఎర్రలు, జిలేబి చేప. బావమరిది ఇచ్చిన తొమ్మిదడుగుల 5 వెయిట్ ఫ్లై రాడ్ (పురుగులా కట్టిన తేలిక ఎరని విసిరే కర్ర) ఒకటుంది. నింఫ్‌కి, అంటే నీళ్లడుగున ఉండే పురుగు పిల్లలా కట్టిన ఎరకి, వేరేది కావాలంటున్నారు. పదిన్నర అడుగుల 3 వెయిటా, పదకొండు అడుగుల 2 వెయిటా? తిరిగొచ్చాక ఇక్కడా పనికిరావాలి. నాలుగు రోజుల కోసం కొని అటక మీద పడేస్తే ఇంట్లో ఊరుకోరు.

పుత్తూరు77:
గాలం కర్రకి అంత డబ్బా! మా తాత వెదురు కర్రతోనే కొర్రమీను పట్టేవాడు.

డెన్వర్‌లో_తిరుపతోడు:
ముందు ఒక మాట. 3, 5 అనేవి రాడ్ బరువు కాదు, దాంతో విసరాల్సిన లైను (రీలుకి చుట్టే లావు దారం) బరువు. లైను మొదటి 30 అడుగులు 5 వెయిట్‌కి 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు. 3 వెయిట్‌కి 100 గ్రెయిన్లు. మామూలు ఫ్లై ఫిషింగ్‌లో ఆ బరువే ఎరని మోసుకెళ్తుంది. యూరో నింఫింగ్‌లో, అంటే నింఫ్‌ని దగ్గర్లోనే వాగు అడుగుకి దింపే పద్ధతిలో, లైను రాడ్ కొస దాటి పెద్దగా బయటికి రాదు. టంగ్‌స్టన్ పూస ఉన్న నింఫే బరువు, మిగతాదంతా సన్న దారం. అందుకే 2 నుంచి 4 దాకా చాలు.

ఇక పొడవు. వాగులో పైనీళ్లు జోరుగా పోతాయి, అడుగునీళ్లు నెమ్మది. దారం నీళ్ల మీద పడిందా, పైనీళ్లు దాన్ని లాక్కుపోతాయి, దాంతోపాటు అడుగున నింఫ్ కూడా పరుగెడుతుంది. రాళ్ల కింద బతికే పురుగు అలా పరుగెత్తదు, ట్రౌట్ నమ్మదు. పొడుగు రాడ్ ఎత్తి పట్టుకుంటే దారం చాలావరకు గాల్లోనే ఉంటుంది.

కొస మెత్తగా ఉండాలి. ఎర కట్టే చివరి సన్న దారాన్ని టిప్పెట్ అంటారు, 6ఎక్స్ సైజుదైతే మందం 0.127 మిల్లీమీటర్లే. కొస గట్టిదైతే చేప ఒక్క విసురుకి తెంపుకుపోతుంది. కింది సగం మాత్రం గట్టిగా ఉండాలి, లేకపోతే పెద్దది బండ కిందికి దూరితే బయటికి తిప్పలేరు.

కుప్పం_బెంగళూరు:
అన్న చెప్పిందంతా నిజమే, కానీ నేను పదకొండు అడుగుల 2 వెయిట్ తీర్థన్‌కి తీసుకెళ్లి దెబ్బతిన్నా. ఒడ్డున చెట్లు. ఎత్తిన ప్రతిసారీ కొమ్మకి తగలడమే. పైగా తేలికని చిన్న రీలు బిగించా, రాడ్ ముందుకి వాలిపోయి మధ్యాహ్నానికి మణికట్టు లాగేసింది. పొడుగు రాడ్‌కి కాస్త బరువైన రీలే మేలు.

ఇంటికొచ్చాక పిచ్చాటూరు అరణియార్ గట్టు మీద అదే వాడి చూశా. గాలికి దారం తిరిగొచ్చి నా మొహానికే చుట్టుకుంది. నిలవ నీళ్లకి అది పనికిరాదు తమ్ముడూ. పదడుగుల 4 వెయిట్ కొనుక్కో. మామూలు లైను ఎక్కిస్తే చెరువులో కూడా విసరొచ్చు. నాలుగు ముక్కలది చూసుకో, రైల్లో సీటు కింద పడుతుంది.

పుత్తూరు77:
నాకో డౌటు. బెండు లేకుండా చేప పట్టిందో, రాయి తగిలిందో ఎట్లా తెలుస్తుంది?

డెన్వర్‌లో_తిరుపతోడు:
దారం మధ్యలో రంగుల ముక్క ఒకటి కడతారు, సైటర్ అంటారు. అది ఆగినా, ఉలిక్కిపడినా రాడ్ ఎత్తేయడమే. సగంసార్లు రాయే! మీ తాత పారే నీళ్లలో ఎలా పట్టేవారు?

పుత్తూరు77:
స్వర్ణముఖిలో నీళ్లు వస్తే బెండు పీకేసేవాడు. దారం బిగువుగా పట్టి, నీళ్లతోపాటే కర్రని పక్కకి జరిపేవాడు.

డెన్వర్‌లో_తిరుపతోడు:
అదే బాబాయ్ ఇది! జపాన్ వాళ్ల టెంకారా అనే పద్ధతిలో కూడా రీలుండదు, దారాన్ని కర్ర కొసకే కడతారు. ఫ్లై రాడ్లు కూడా ఒకప్పుడు వెదురువే. ఆరు బద్దలు చీల్చి అతికించేవాళ్లు.

చంద్రగిరి_గాలం:
పదడుగుల 4 వెయిట్ ఆర్డర్ పెట్టేశా. రీలు పాతదే, బరువుగానే ఉంది. లైసెన్సు?

కుప్పం_బెంగళూరు:
ఫిషరీస్ శాఖ ఇస్తుంది, రోజుల లెక్కన. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ పట్టనివ్వరు, ఏప్రిల్‌కి ఇబ్బంది లేదు. కానీ మంచు కరిగి వాగు పొంగితే బరువు నింఫ్‌లు కావాలి, నాలుగు ఎక్కువే పెట్టుకో.

పుత్తూరు77:
కుప్పం అన్నా, ఆ పదకొండు అడుగులది అమ్మే ఉద్దేశం ఏమన్నా ఉందా?