అప్‌డేట్: మా అమ్మాయి బరోక్ వయొలిన్ చదువు

బరోక్ వయొలిన్‌లో, అంటే 17, 18 శతాబ్దాల నాటి పద్ధతి వయొలిన్‌లో, మాస్టర్స్ చేస్తానంటున్న మా అమ్మాయికి రేపు బతుకుతెరువు ఉంటుందా అని పోయిన ఏడాది ఇక్కడ అడిగాను. నెలజీతం మీద ఆశ పెట్టుకోవద్దని, వాయించేవాళ్లనే నేరుగా కలవమని చాలామంది చెప్పారు. అలాగే చేశాం. ఇప్పుడు తను నెదర్లాండ్స్‌లో హేగ్‌లోని రాయల్ కన్జర్వేటరీలో ప్రాచీన సంగీత విభాగంలో చేరింది.

మీరన్నది నిజమే, ఈ రంగంలో ఎక్కువమంది ఫ్రీలాన్సర్లే. పేరున్న బృందాలు కూడా చాలావరకు ఒక్కో కచేరీకి, ఒక్కో టూర్‌కి పిలిచి డబ్బులిస్తాయి. నెదర్లాండ్స్‌లో అసలు సీజన్ ఈస్టర్ ముందు వారాలు. ఊరూరా చర్చిల్లో బాక్ రాసిన 'సెయింట్ మాథ్యూ ప్యాషన్' (క్రీస్తు శ్రమల మీద గాయకులు, వాద్యబృందం కలిసి చేసే పెద్ద సంగీత రచన) పెడతారు, వాయించేవాళ్లకి క్షణం తీరిక ఉండదు. ఆ తర్వాత పని పలచబడుతుంది. అందుకే చాలామంది పాఠాలు కూడా చెబుతారు.

ఖర్చు మాత్రం ముందే లెక్కేసుకోవాలి. గొర్రె పేగుతో చేసిన తీగలు కావాలి, కమాను కూడా వేరే. శ్రుతి సాధారణంగా 415 హెర్ట్జ్, అంటే మామూలు 440 కంటే దాదాపు అరస్వరం కింద. ఫ్రెంచ్ సంగీతానికైతే 392 కూడా అడుగుతారు. చర్చిలో తేమ మారితే చాలు, పేగు తీగ శ్రుతి నిలవదు. పాటకీ పాటకీ మధ్య మా అమ్మాయి చెవి దగ్గర పెట్టుకుని సరిచేసుకుంటూనే ఉంటుంది.

నాకింకా టెన్షన్ ఉంది, తనకి లేదు. వచ్చే ఈస్టర్‌కి ఒక చిన్న ఊళ్లో బృందంలో రెండో వయొలిన్ భాగం వాయించడానికి పిలిచారు. అక్కడి ఫ్రీలాన్స్ పన్నుల సంగతి తెలిసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.