వీపు కనిపించే బొమ్మకి తెలుగు మాట ఏది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ (1774–1840) గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. ఆయన బొమ్మల్లో చాలాచోట్ల మనుషులు మనవైపు చూడరు. కొండ అంచునో, కిటికీ దగ్గరో, సముద్రం ముందో అటు తిరిగి నిలబడి ఉంటారు. 1818 ప్రాంతంలో వేసిన పొగమంచు బొమ్మ మీలో చాలామంది చూసే ఉంటారు. చేతికర్రతో రాతి మీద నిలబడ్డ మనిషి, ఎదురుగా సముద్రంలా పరుచుకున్న మంచు. బొమ్మలో ఇలా వీపు కనిపించేలా ఉన్న మనిషిని జర్మన్‌లో ‘రుకెన్‌ఫిగూర్’ అంటారు. ‘రుకెన్’ అంటే వీపు. ఇంగ్లిషువాళ్లు ఆ మాటను అలాగే వాడుకుంటున్నారు. మనమూ వాడొచ్చు గానీ నాకు మనసొప్పడం లేదు.

తెలుగులో ఏ మాట పట్టుకున్నా అడ్డం తిరుగుతోంది. ‘వెన్ను చూపడం’ అంటే యుద్ధంలోంచి పారిపోవడం. ‘పెడమొగం’ అంటే అలక. ‘పరాఙ్ముఖుడు’ అంటే ఇష్టం లేనివాడు. అవతలివాడి వీపు కనిపించిందంటే మనల్ని కాదన్నట్టే మన భాషకి. ఫ్రీడ్రిష్ బొమ్మలో ఆ వీపు మనల్ని పిలుస్తుంది. ముఖం కనిపించదు కాబట్టి ఆ మనిషి ఎవరన్న ఆలోచన పోయి, అతని భుజం పక్కన నిలబడి అదే దృశ్యాన్ని మనమూ చూస్తాం. ఈ సంగతి చెప్పే మాట కావాలి.

వ్యాఖ్య:
పాత మాట ఒకటి ఉందండీ. విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రకళ గురించి చెప్పే భాగం చిత్రసూత్రం, మనిషిని గీయడానికి తొమ్మిది స్థానాలు, అంటే భంగిమలు, చెబుతుంది. వెనకనుంచి కనిపించేదాని పేరు ‘పృష్ఠాగతం’. కొత్తది కల్పించే ముందు దీన్ని ఆలోచించండి. ఇంకొకటి, వ్యాసం శీర్షికలో ఫ్రీడ్రిష్ కాలపు కళా ఉద్యమం పేరుగా ‘రొమాంటిక్’ అని పెట్టకండి, ప్రేమ బొమ్మలనుకుంటారు. ‘కాల్పనిక’ అంటే చాలు.

వ్యాఖ్య:
మాస్టారూ, మాట మంచిదే. కానీ ఈరోజు తెలుగులో ‘పృష్ఠం’ అనగానే పిరుదులే గుర్తొస్తాయి. చదివేవాళ్ల దృష్టి అక్కడే ఆగిపోతుంది. పైగా అది భంగిమ పేరు. చూసేవాడిని బొమ్మలోకి తీసుకెళ్లడం గురించి అది ఏమీ చెప్పదు.

అడిగినవారికి నాదొక మాట. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఫ్రీడ్రిష్ ఉన్న ఇంట్లోనే 1823 నుంచి నార్వే చిత్రకారుడు యోహాన్ క్రిస్టియన్ డాల్ కూడా కాపురం ఉన్నాడు. ఇద్దరూ వేర్వేరు కాలాల్లో కోపెన్‌హేగెన్ అకాడమీలో చదివినవాళ్లే, కానీ చేతులు వేరు. డాల్ మబ్బుల్ని చూస్తూ చూస్తూనే రంగుల్లో పట్టేసేవాడు. ఫ్రీడ్రిష్ దాదాపు ఏమీ లేని గదిలో కూర్చుని నిదానంగా వేసేవాడు. ఫ్రీడ్రిష్ వేసిన ‘చంద్రుణ్ణి చూస్తున్న ఇద్దరు మనుషులు’ బొమ్మను, తన బొమ్మ ఒకటి ఇచ్చి డాల్ మార్చుకున్నాడు. 1840లో దాన్ని డ్రెస్డెన్ చిత్రశాలకు అమ్మింది ఆయనే. ఇప్పటికీ అది ఆ ఊళ్లోనే ఉంది.

ఇప్పుడు డాల్ వేసిన, సముద్రం ఒడ్డున తల్లీబిడ్డల బొమ్మ చూడండి. వెన్నెల, నీళ్లు, ఒక పడవ, అటు తిరిగి నిలబడ్డ తల్లీ బిడ్డా. డాల్ నార్వేలోని బెర్గెన్‌లో చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టినవాడు. జర్మనీలో స్నేహితుడి బొమ్మల్లో చూసిన ఆ వీపు, ఆయన చేతిలో నార్వే ఒడ్డున పడవ కోసం చూసే చూపయింది. దాన్ని మనం ఏమంటాం? ఎదురుచూపు. వీపును పక్కన పెట్టి, చూపు వైపు వెతకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషం. ఇది చదవగానే దారి దొరికింది. చూపుతో కట్టిన మాటలు మనకు ఎన్నో ఉన్నాయి: ముందుచూపు, ఓరచూపు, చిన్నచూపు, కడచూపు. ఆ వరసలో ‘అటుచూపు’ కుదురుతుందా? ‘ఎదురుచూపు’నే వాడితే ఎవరో వస్తారని చూస్తున్నట్టవుతుంది. డాల్ తల్లికి సరిపోతుంది గానీ, పొగమంచు ముందు నిలబడ్డవాడికి సరిపోదు. ‘అటు’ అనగానే చదివేవాడి తల కూడా అటే తిరుగుతుంది, నాకు కావలసింది అదే.

వాక్యాల్లో పెట్టి చూశాను. ‘ఫ్రీడ్రిష్ అటుచూపు బొమ్మలు’ బాగానే నిలబడింది. ఆయన భార్య కరోలీన్‌ను వేసిన 1822 నాటి బొమ్మ దగ్గర మాత్రం ‘అటుచూపు స్త్రీ’ అంటే ఎబ్బెట్టుగా ఉంది. అక్కడ ‘కిటికీలోంచి చూస్తున్న స్త్రీ’ అనే రాస్తాను. పృష్ఠాగతాన్నీ వదలను, మొదటిసారి ప్రస్తావించేటప్పుడు మన శాస్త్రంలో ఉన్న భంగిమ పేరుగా చెబుతాను.

మీ ప్రాంతంలో ‘అటుచూపు’ అన్న మాటకి వేరే అర్థం ఏదైనా ఉంటే చెప్పండి. వ్యాసం ఆదివారం పంపాలి.