"ఘన మీటరుకు" అని ఉండెనా, "ఘన మీటరులో" అని ఉండెనా?

అక్షరభిక్షువు: సాంద్రత ప్రమాణాలను మార్చే పద్ధతి చెబుతూ ఒక పాత భౌతికశాస్త్ర వాచకంలో ఉన్న వాక్యం నాకు సగమే గుర్తుకు వస్తోంది. "ఘన సెంటీమీటరు... గల గ్రాముల సంఖ్యయే వెయ్యితో గుణింపబడి ఘన మీటరు... గల కిలోగ్రాముల సంఖ్య యగును" అన్నంతవరకు సందేహం లేదు. ఆ ఖాళీలలో ఉన్నది "కు" ప్రత్యయమా, "లో" ప్రత్యయమా?

విభక్తిప్రియ: "కు" అయి ఉండాలి. "తలకు రెండు", "రోజుకు మూడు" అన్నట్లు నిష్పత్తిని చెప్పేది ఆ ప్రత్యయమే. అయితే మన వ్యాకరణాలు "కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్" అని అన్నిటినీ షష్ఠిలోనే చేర్చాయి కనుక, అచ్చులో "లో" ఉన్నా విభక్తి మారినట్లు కాదు.

తులాదండం: విభక్తి మారకపోవచ్చును గాని, కొలిచే రాశి మారిపోతుంది. 100 గ్రాముల ఉప్పును కరిగించి, మొత్తం సరిగ్గా ఒక లీటరయ్యేటట్లు నీరు కలిపామనుకోండి. "లీటరులో 100 గ్రాములు" అన్నది ఉప్పు గాఢత. "లీటరుకు సుమారు 1,070 గ్రాములు" అన్నది ద్రావణపు సాంద్రత. రెండింటినీ ఒకే ప్రమాణంలో రాస్తాము, ఒకే గుణకంతో మారుస్తాము. అందువల్ల ఒకదాని స్థానంలో మరొకటి వేసినా లెక్క ఎక్కడా అభ్యంతరం చెప్పదు. ప్రయోగశాల పుస్తకాలలో ఇటువంటి పొరపాటు పట్టుబడకుండా సాగిపోవడానికి కారణం ఇదే. కాబట్టి "లో"ను గాఢతకు, "కు"ను సాంద్రతకు విడిచిపెట్టడమే మేలని నా పక్షం.

గణకచక్రం: ప్రత్యయం సంగతి తరువాత చూద్దాము, నాకు "వెయ్యితో" అన్న మాటమీదనే అనుమానం. నేను చదివిన పాఠంలో "పది లక్షలతో" అని ఉన్నట్లు గుర్తు. ఘన మీటరులో ఘన సెంటీమీటర్లు పది లక్షలే కదా.

తులాదండం: గణకచక్రం గారూ, గ్రాములు కిలోగ్రాములయ్యేటప్పుడు ఆ పది లక్షలను వెయ్యి భాగిస్తుంది, వెయ్యి మిగులుతుంది. మీరు చదివినది బహుశా అణువుల సంఖ్యాసాంద్రత గురించిన పాఠమై ఉంటుంది. నీటిలో ఘన సెంటీమీటరుకు సుమారు 3.34 × 10²² అణువులుంటాయి, ఘన మీటరుకు 3.34 × 10²⁸. అక్కడ పైనున్నది వట్టి సంఖ్య కనుక పది లక్షలూ పూర్తిగా నిలుస్తాయి.

మేఘమాల: "ఘన" శబ్దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఘనమంటే గట్టిది, దట్టమైనది, మూడు కొలతల గుణకారం, మేఘం కూడాను. పోతన "శారద నీరదేందు ఘనసార" అని ఎత్తుకున్నప్పుడు నడుమ చంద్రుణ్ణి నిలిపి, ఒక ప్రక్క మేఘాన్ని, మరొక ప్రక్క కర్పూరాన్ని ఉంచాడు. పేరులో ఘనమున్న ఆ కర్పూరపు సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 0.99 గ్రాములు, అనగా నీటికంటె ఒక పిసరు తక్కువే. ఇక తెల్లని మేఘం మాట. దానిలో ఒక ఘన మీటరు మేరలో తేలే నీటి తుంపర సాధారణంగా ఒక గ్రాములోపే ఉంటుంది; ఆ ఘన మీటరు గాలి మాత్రం కిలోగ్రాము దరిదాపుల తూగుతుంది. తులాదండం గారి "లో"కు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదనుకుంటాను.

గణకచక్రం: పద్యం రమ్యమే. కాని ఆ వాక్యంలో ఉన్నది నిజంగా ఘన సెంటీమీటరేనా, మిల్లీలీటరా? 1901 నుండి 1964 వరకు లీటరును ఒక కిలోగ్రాము నీరు గరిష్ఠ సాంద్రత వద్ద ఆక్రమించే ఘనపరిమాణంగా నిర్వచించారు; అది 1.000028 ఘన డెసిమీటర్లకు సమానం. ఆనాటి వాచకం మిల్లీలీటరని అని ఉంటే, ఆ "వెయ్యి" కచ్చితమైన వెయ్యి కాదు, 999.972.

విభక్తిప్రియ: పది లక్షలకు 28 పాళ్ళ తేడాను బడి వాచకం లెక్కచేసి ఉంటుందా? అంతకంటె పెద్ద తేడా సాపేక్ష సాంద్రతలో ఉంది, అక్కడా మూలం "కు" ప్రత్యయమే. "నీటికి సాపేక్షంగా" అంటాము సరే, ఏ ఉష్ణోగ్రత వద్దనున్న నీటికి? 20 డిగ్రీల ద్రవాన్ని 20 డిగ్రీల నీటితో పోల్చి 1.0500 అని రాస్తే, దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.0481 గ్రాములే, ఎందుకంటే ఆ నీటి సాంద్రత 0.9982. 4 డిగ్రీల నీటితో పోల్చిన విలువను మాత్రమే నాలుగైదు అంకెల మేరకు ఉన్నదున్నట్లుగా సాంద్రతగా దించుకోవచ్చును.

అక్షరభిక్షువు: అందరికీ కృతజ్ఞతలు. నా ఖాళీలు మాత్రం ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

మేఘమాల: నాకు గుర్తున్నంతలో అక్కడ ఉన్నది "కు" కాదు, "లో" కాదు, "ఘన మీటరునందు" అని.

విభక్తిప్రియ: "అందు" అయితే అది సప్తమి. నేను షష్ఠి గురించి చెప్పినదంతా మళ్ళీ మొదటినుండి చూడవలసి వస్తుంది.