టెక్స్ట్ లేయర్ తెరిచే పంపాలా, తాళం వేసి పంపాలా?

శుభలేఖలపని: నేను పెళ్లి కార్డులు ఫోటోషాప్‌లో చేస్తాను. ఇన్నాళ్లూ పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైలును, అక్షరాలు మార్చుకునే వీలున్న టెక్స్ట్ లేయర్లతో ఉన్నదున్నట్టే ప్రెస్సుకి పంపేవాణ్ణి. పోయిన వారం ముహూర్తం నిమిషాలు మారాయని పెళ్లివారు నేరుగా ప్రెస్సుకే ఫోన్ చేశారు. అక్కడి కుర్రాడు లేయర్ మీద డబుల్ క్లిక్ కొట్టాడు. నేను వాడిన ‘అను’ అనే తెలుగు ఫాంటు వాళ్ల సిస్టంలో లేదు. రీప్లేస్ అనగానే లేయరంతా ఇంగ్లీషు అక్షరాల చెత్త అయింది. కంగారులో అతను వేరే ఫాంటులో మళ్లీ టైపు కొట్టాడు. ‘జ్యేష్ఠ పుత్రిక’ కాస్తా ‘జేష్ట పుత్రిక’ అయి 400 కార్డులు అచ్చయ్యాయి. తిట్లు నాకే. ఇకమీదట అంతా రాస్టరైజ్ చేసే, అంటే అక్షరాలను ఎవరూ మార్చలేని బొమ్మగా చేసి తాళం వేసే పంపుదామనుకుంటున్నాను. తప్పంటారా?

పాతకాపు: తప్పు కాదు, ఆలస్యం. నేను పని నేర్చుకున్నది ఫోటోషాప్ 4లో. అక్షరం కొట్టి ఓకే అంటే అక్కడికక్కడే బొమ్మ అయిపోయేది. మార్చుకోగల టెక్స్ట్ వచ్చింది 1998లో, 5వ వెర్షన్‌తో. అంతకుముందు ప్రూఫు మూడుసార్లు చదివేవాళ్లం. ఇప్పుడు ‘తర్వాత మార్చుకోవచ్చులే’ అని ఒక్కసారీ చదవరు.

ఫ్లెక్స్‌మిషను: రాస్టరైజ్ మాత్రం వద్దు మహాప్రభో! మేం 20 అడుగుల బ్యానర్లు వేస్తాం. మీరు చిన్న సైజులో రాస్టరైజ్ చేసి పంపితే, పెంచేసరికి అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి. లేయర్ మీద రైట్ క్లిక్ కొట్టి కన్వర్ట్ టు షేప్ చేయండి, అక్షరాలు గీతల ఆకారాలవుతాయి. కోరల్ డ్రా సాఫ్ట్‌వేర్‌లో కర్వ్స్ చేసినట్టే. ఫాంటు అడగదు, ఎంత పెంచినా అంచు చెదరదు.

కృష్ణలంకపిల్ల: పాతకాపు గారూ, మీ తాళం మా ఇంట్లో ఏం చేసిందో వినండి. మా అక్క పెళ్లి కార్డులో బతికున్న మా తాతయ్య పేరు ముందు ‘కీ.శే.’ పడింది. నానమ్మది పక్క లైనుకి వచ్చింది లెండి. డిజైన్ చేసినాయన అంతా రాస్టరైజ్ చేసేశాడు, అసలు ఫైలు దాచుకోలేదు. వెనకాల పూల డిజైను. ఆ రెండక్షరాలు చెరిపి పూలు అతికించడానికి సగం రోజు పట్టింది. దగ్గరికి పెట్టుకుని చూస్తే ఇప్పటికీ మచ్చ కనిపిస్తుంది. తాతయ్య మాత్రం నవ్వేసి ఊరుకున్నాడు.

పాతకాపు: అమ్మా, అది ప్రూఫు చదవనివాళ్ల తప్పు.

కృష్ణలంకపిల్ల: చదివాం సార్. అచ్చుకి ముందే పట్టుకున్నాం. పట్టుకున్నా దిద్దే దారి లేదు, నా గోల అదే.

మండలివీరుడు: అసలు దొంగను వదిలేసి తాళం గురించి కొట్టుకుంటున్నారు. అను ఫాంటులో మీరు చూసేది తెలుగు, ఫైలులో ఉండేది ఇంగ్లీషు అక్షరాల కోడు. ఫాంటు లేకపోతే అది బయటపడుతుంది. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడు ఉండే యూనికోడ్‌లో టైపు చేసుంటే, ఫాంటు మారినా తెలుగు తెలుగుగానే ఉండేది. అందం పోయేదేమో గానీ ‘జ్యేష్ఠ’ను మళ్లీ కొట్టే అవసరం రాదు. మండలి, రామభద్ర, పెద్దన అనే యూనికోడ్ ఫాంటులు ఉచితంగా దొరుకుతున్నాయి, ఫైలుతో పాటు పంపినా ఎవరూ అడగరు. కొన్నేళ్ల కిందటి ఫోటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లో దక్షిణాసియా భాషల ఆప్షన్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి ‘స్త్రీ’ మూడు ముక్కలయ్యేది. ఆ భయంతోనే జనం అనూను పట్టుకు వేలాడారు. ఇప్పుడు పేరాగ్రాఫ్ పానెల్ మెనూలో వరల్డ్-రెడీ అనే ఆప్షన్ ఎంచుకుంటే చాలు.

ఫ్లెక్స్‌మిషను: మండలి బాగానే ఉంటుంది అన్నా, కానీ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి ఆ సన్నటి అక్షరం పనికిరాదు. మాకు లావుపాటి, వంకర్లున్న రకాలు కావాలి. అవి అనులో ఉన్నన్ని ఇంకెక్కడా లేవు.

మండలివీరుడు: రామభద్ర చూశావా? దాని లావు చాలదా నీ నాయకుడికి?

శుభలేఖలపని: అందరి మాటా విన్నాను. ఇప్పుడు రెండు ఫైళ్లు చేస్తున్నాను. టెక్స్ట్ లేయర్లున్నది నా దగ్గరే ఉంటుంది, ప్రెస్సుకి షేప్ చేసిన కాపీ. కార్డు మీద పేర్లు, ముహూర్తం మాత్రం యూనికోడ్‌కి మార్చాను. పైన ‘శ్రీరస్తు’ అనులోనే ఉంచాను, దాన్ని ఎవరూ మార్చమనరు కదా.

పాతకాపు: పెళ్లివారు మళ్లీ ప్రెస్సుకే ఫోన్ చేస్తే?

శుభలేఖలపని: ఆ ఫైలు పేరే ‘మార్పులకు నాకు ఫోన్ చేయండి’ అని పెట్టాను సార్.