యాక్రిలిక్ మీద అక్షరాలు తెల్లగా రావట్లేదు, అంచుల దగ్గర పగుళ్లు కూడా, ఏం చేయాలి?

విజయవాడ నుంచి:
అందరికీ నమస్కారం. మా షాపులో షీట్లు కోసి, అక్షరాలు చెక్కే 60 వాట్స్ సీఓ2 లేజర్ మెషిన్ ఉంది, ఇళ్ళ నేమ్ బోర్డులు, ఎల్‌ఈడీ ల్యాంపులు చేస్తుంటాం. ఇన్నాళ్ళూ క్లియర్ యాక్రిలిక్ షీట్ మీద ఎన్‌గ్రేవింగ్ (చెక్కడం) కొడితే చక్కగా తెల్లగా వచ్చేది, ఈసారి కొత్త లాట్ తెచ్చిన దగ్గర్నుంచి అక్షరం పడుతోంది గానీ తెలుపు లేదు, గాజులాగే ఉండిపోతోంది. పవర్ 15 శాతం నుంచి 40 దాకా పెంచి చూశాం, కరిగి గుంట పడుతోందే తప్ప ఉపయోగం లేదు. పైగా కటింగ్ అయ్యాక థిన్నర్‌తో తుడిస్తే అంచుల దగ్గర సన్నటి పగుళ్లు. లేజర్ వచ్చే ట్యూబ్ వీక్ అయిందా, లెన్స్ పోయిందా? పెళ్ళి ఆర్డర్ ఉంది, ప్లీజ్ తొందరగా చెప్పండి.

వరంగల్ నుంచి:
అన్నా ట్యూబ్ జోలికి పోకు, ఖర్చు దండగ. పవర్ పెంచితే గుంట లోతు అవుతుందంటే ట్యూబ్ పని చేస్తున్నట్టే. తేడా షీట్‌లో ఉంది. యాక్రిలిక్ రెండు రకాలు, అచ్చులో పోసి చేసేది కాస్ట్, మెషిన్‌ల నుంచి ఒత్తి తీసేది ఎక్స్‌ట్రూడెడ్. కాస్ట్ మీదనే ఎన్‌గ్రేవింగ్ తెల్లగా వస్తది, ఎక్స్‌ట్రూడెడ్ కరిగి మళ్ళీ క్లియర్‌గానే గట్టిపడుతది, నువ్వు ఎన్ని సెట్టింగులు మార్చినా అంతే. ఎక్స్‌ట్రూడెడ్ చవక, మందం అంతటా ఒకేలా ఉంటది కాబట్టి ఉత్త కటింగ్ పనికి బాగుంటది. కాస్ట్‌లో 3 ఎంఎం అని ఇచ్చింది ఒక మూల కొంచెం తక్కువ, ఇంకో మూల ఎక్కువ ఉండొచ్చు, ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూర్చే స్లాట్లు పెట్టే డిజైన్ అయితే కాలిపర్‌తో (మందం కొలిచే పరికరం) కొలిచాకే ఫైల్ చెయ్యి. షాపులో "యాక్రిలిక్ 3 ఎంఎం" అని అడిగితే ఏది ఉంటే అది ఇస్తరు, కాస్ట్ కావాలని గట్టిగ చెప్పి చిన్న ముక్క తెచ్చి టెస్ట్ చేసినంకనే ఫుల్ షీట్ కొను.

రాజమండ్రి నుంచి:
పగుళ్ల సంగతి నేను చెప్తానండి. లేజర్ వేడికి కట్ అంచులో లోపల టెన్షన్ ఉండిపోతుంది, దానికి థిన్నర్, స్పిరిట్, అసిటోన్ లాంటిది తగిలిందంటే అక్కడికక్కడే సన్నటి చీలికలు వస్తాయి. అద్దాలు తుడిచే అమ్మోనియా స్ప్రే కూడా వద్దు. కొంచెం లిక్విడ్ సోప్ కలిపిన నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. దయచేసి ఇది మీ దగ్గర పనిచేసే కుర్రాళ్ళకి కూడా చెప్పండి, ఎందుకంటే డెలివరీ ముందు మెరవాలని థిన్నర్ రాసేది వాళ్ళే. క్లోరోఫామ్‌తో అతికించే పీసులకీ ఇదే బాధ, ఆ టెన్షన్ పోవడానికి ఓవెన్ ఉంటే 80 డిగ్రీల దగ్గర ఒకట్రెండు గంటలు ఉంచి, నెమ్మదిగా చల్లారనిచ్చి, ఆ తర్వాత అతికించండి. కిటికీలు తీసి మరీ చేయండి, ఆ ఆవిరి మంచిది కాదు.

దుబాయ్ నుంచి:
నాదో చిన్న డౌట్, నా దగ్గర 10 వాట్స్ బ్లూ డయోడ్ లేజర్ (నీలి కాంతి వచ్చేది) ఉంది, క్లియర్ షీట్ మీద గీత కూడా పడట్లేదు, ఎందుకు?

వరంగల్ నుంచి:
బ్లూ డయోడ్ 450 నానోమీటర్ల లైట్, క్లియర్ యాక్రిలిక్ దాన్ని పీల్చుకోదు, సీదా అవతలికి పోతది. సీఓ2 ది 10,600 నానోమీటర్లు, దాన్ని ఏ రంగు యాక్రిలిక్ అయినా పీల్చుకుంటది. నీ మెషిన్‌ల నల్ల షీట్ పెట్టి చూడు తమ్ముడూ.

రాజమండ్రి నుంచి:
ఒక్క మాట అందరికీ. సన్‌బోర్డ్ పేరుతో దొరికేది చాలావరకు పీవీసీ ఫోమ్ (క్లోరిన్ ఉండే ప్లాస్టిక్), అది లేజర్‌లో ఎప్పుడూ పెట్టొద్దు. హైడ్రోజన్ క్లోరైడ్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం, మెషిన్ రైల్స్ కూడా తుప్పు పట్టిపోతాయి. ఏ షీటో అనుమానం ఉంటే రాగి తీగ ఎర్రగా కాల్చి ముక్కకి తాకించి, మళ్ళీ మంటలో పెట్టండి, ఆకుపచ్చ మంట వస్తే క్లోరిన్ ఉన్నట్టు, పక్కన పడేయండి. ఈ టెస్ట్ బయట గాలిలోనే చేయండి.

విజయవాడ నుంచి:
చాలా థ్యాంక్సండీ ఇద్దరికీ. పాత లాట్ ముక్క, కొత్తది పక్కపక్కన పెట్టి ఒకే సెట్టింగ్‌తో కొట్టాం, పాతది తెల్లగా వచ్చింది, కొత్తది రాలేదు. షీట్ మారుస్తున్నాం. ల్యాంపులకి అక్షరాలు ముందు వైపు కొట్టాలా, వెనకా?

వరంగల్ నుంచి:
వెనక, డిజైన్ మిర్రర్ చేసి (ఎడమ కుడి తిప్పి). ముందు వైపు నున్నగా ఉంటది, దుమ్ము అక్షరాల్లో ఇరుక్కోదు. కటింగ్ టైంల ఎయిర్ అసిస్ట్ (కట్ మీదకి ఊదే గాలి) తగ్గిస్తే అంచు మెరుస్తది, పూర్తిగా బంద్ చేస్తే మంట అంటుకుంటది, మెషిన్ నడుస్తున్నంతసేపు పక్కనే ఉండు.